చిరకారి, దీర్ఘసూత్రి: వాయిదా అలవాటుపై ఆన్‌లైన్ ఆత్మపరిశీలన కోర్సుల ప్రభావం

పనిని వెనక్కి నెట్టడానికి తెలుగులో చాలా మాటలున్నాయి. జాప్యం, తాత్సారం, కాలయాపన, నాన్చుడు, సాచివేత అని సందర్భాన్ని బట్టి ఒక్కో మాట వాడుతుంటారు. వీటిలో ఏదీ బద్ధకానికి పర్యాయపదం కాదు. బద్ధకస్తుడికి పని చేయాలన్న తపన ఉండదు, చేయలేదన్న బాధ కూడా ఉండదు. సాచివేసే మనిషికి ఆ రెండూ నిండుగా ఉంటాయి. పుస్తకం తెరిచి ముందు పెట్టుకుని, ఆ పేజీ వైపు చూడలేక అలమరా సర్దడం మొదలుపెట్టే విద్యార్థిని బద్ధకస్తుడని ఎవరూ అనలేరు. ఆ పూట అతడు చాలా పనులే చేస్తాడు, చేయవలసిన ఒక్క పని తప్ప.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన పియర్స్ స్టీల్ అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నింటినీ 2007లో క్రోడీకరిస్తూ ఇచ్చిన నిర్వచనం ఈ తేడాను స్పష్టంగా పట్టుకుంటుంది. ఆలస్యం చేస్తే తనకే నష్టమని తెలిసి కూడా, చేయదలచుకున్న పనిని ఎవరి బలవంతమూ లేకుండా తానే వాయిదా వేయడం సాచివేత. ఈ నిర్వచనంలో ‘తెలిసి కూడా’ అన్న మాటే కీలకం. తెలియకపోవడం సమస్య అయితే సలహా ఇస్తే సరిపోయేది. తెలిసినా జరగని పనికి సలహా ఎలా ఉపయోగపడుతుందన్న ప్రశ్న దగ్గరే మనిషి తన గురించి తానే ఆలోచించి రాసుకునేలా చేసి వాయిదా అలవాటును మాన్పిస్తామని చెప్పే ఆన్‌లైన్ ఆత్మపరిశీలన కోర్సుల అసలు పరీక్ష మొదలవుతుంది.

ప్రతి ఆలస్యమూ దోషం కాదన్న వివేకం ఈ నేలకు కొత్తది కాదు. మహాభారతం శాంతిపర్వంలో చిరకారి అనే యువకుడి కథ ఉంది. తండ్రి గౌతముడు కోపంలో తల్లిని చంపమని ఆజ్ఞాపించి అడవికి వెళ్లిపోతాడు. తండ్రి ఆజ్ఞను, తల్లి ప్రాణాన్ని పక్కపక్కన పెట్టి తూచుతూ కొడుకు చాలాసేపు అలాగే నిలబడిపోతాడు. ఈలోగా కోపం చల్లారిన తండ్రి పశ్చాత్తాపంతో పరుగున తిరిగివచ్చి, ఆలస్యం చేసినందుకు కొడుకును కౌగిలించుకుంటాడు. అదే పర్వంలో మూడు చేపల కథ కూడా ఉంది. చెరువులో నీళ్లు తోడేస్తున్నారని వినగానే ఒక చేప వేరే చోటికి తరలిపోతుంది, ఇంకొకటి ప్రమాదం మీదికి వచ్చాక ఉపాయంతో బయటపడుతుంది, దీర్ఘసూత్రి అనే మూడోది ‘చూద్దాంలే’ అనుకుని వలలో చిక్కి చనిపోతుంది. పైకి చూస్తే చిరకారీ కదలలేదు, దీర్ఘసూత్రీ కదలలేదు. తేడా ఏమిటంటే, ఆలస్యమైన ఆ సమయమంతా చిరకారి మనసు ఆ పని మీదే ఉంది, దీర్ఘసూత్రి మనసు దాని నుంచి ముఖం తిప్పుకుంది. ఆత్మపరిశీలనకూ ఇదే గీటురాయి. తన గురించి తాను ఆలోచించుకుంటూ గడిపిన గంట చిరకారి గంటా, దీర్ఘసూత్రి గంటా అన్నదాన్ని బట్టే ఆ కోర్సు విలువ తేలుతుంది.

వాయిదాను సమయపాలన లోపంగా చూడడం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. టైమ్‌టేబుల్ వేసుకుంటే, పనుల జాబితా రాసుకుంటే, నాలుగింటికి లేస్తే అంతా సర్దుకుంటుందని నమ్మారు. ఫ్యూషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించిన విశ్లేషణ ఈ దృష్టిని బలంగా మార్చింది. మనిషి పారిపోయేది పని నుంచి కాదు, ఆ పని తలచుకోగానే లోపల కలిగే ఇబ్బంది నుంచి అన్నది వారి వాదన. ఆ ఇబ్బంది విసుగు కావచ్చు, భయం కావచ్చు, చేతకాదేమోనన్న సందేహం కావచ్చు. పనిని పక్కకు నెట్టిన మరుక్షణం ఆ ఇబ్బంది తగ్గుతుంది. తగ్గింది కాబట్టి మరోసారి అదే ఇబ్బంది వచ్చినప్పుడు మనసు అదే దారి పడుతుంది. ఇలా చూస్తే వాయిదా ఒక మందులాంటిది. నొప్పిని నిమిషాల్లో తగ్గిస్తుంది, జబ్బును మాత్రం పెంచుతుంది.

ఆ మందు నిజంగా పనిచేస్తుందని, అయితే కొద్దికాలమేనని డయాన్ టైస్, రాయ్ బౌమైస్టర్ అంతకుముందే 1997లో చూపించారు. సెమిస్టరు మొదట్లో వాయిదా వేసే విద్యార్థులు మిగతావారికంటే తక్కువ ఒత్తిడితో, తక్కువ అనారోగ్యాలతో హాయిగా ఉన్నారు. సెమిస్టరు చివరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. మొత్తం మీద చూస్తే వారు పడిన ఒత్తిడే ఎక్కువ, వచ్చిన మార్కులు తక్కువ. రికార్డులు సమర్పించే వారంలో ఏ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌కు వెళ్లినా ఈ ఫలితం కంటికి కనిపిస్తుంది. నాలుగు నెలల ప్రయోగాలను రెండు రాత్రుల్లో స్నేహితుడి రికార్డు చూసి దింపుకునే వాళ్లు ఆ రెండు రాత్రులూ అనుభవించేది మొదటి నెలలో వాయిదా వేసి పొందిన హాయికి వడ్డీతో సహా చెల్లింపు.

స్టీల్ తన సహపరిశోధకుడు కొర్నేలియస్ కోనిగ్‌తో కలిసి 2006లో ప్రతిపాదించిన సూత్రం ఇంకో కోణాన్ని చూపుతుంది. పని పూర్తవుతుందన్న నమ్మకం, ఆ ఫలితం మీద ఉన్న విలువ పెరిగినకొద్దీ పూనిక పెరుగుతుంది. ఫలితం దూరమైనకొద్దీ, మనిషి క్షణికమైన ఆకర్షణలకు లొంగినకొద్దీ పూనిక తగ్గుతుంది. పోటీ పరీక్షలకు చదివేవారి బతుకును ఈ సూత్రంతో చూస్తే అనేక విషయాలు అర్థమవుతాయి. తెలంగాణలో 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష మొదట 2023 ఆగస్టు 29, 30 తేదీలకు నిర్ణయమై, పలుమార్లు వాయిదాపడి, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. తేదీ జరిగిన ప్రతిసారీ ఫలితం దూరమైంది, అసలు జరుగుతుందా అన్న నమ్మకం సన్నగిల్లింది. అలాంటి కాలంలో హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదిలో పుస్తకం మూసేసిన అభ్యర్థిని స్వభావలోపం ఉన్నవాడని తీర్మానించడం అన్యాయం. అతడు తన లోపాన్ని వెతుక్కునే ముందు, లోపం ఎంత తనది, ఎంత పరిస్థితులది అని విడదీసి చూసుకోవాలి. మంచి ఆత్మపరిశీలన చేసే మొదటి పని ఈ విడదీయడమే. చాలా కోర్సులు దీన్ని వదిలేసి, భారమంతా మనిషి మీదే వేస్తాయి.

ఇంటర్నెట్ ద్వారా ఇచ్చే శిక్షణ వాయిదా అలవాటుపై నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఇంతవరకు దొరికిన గట్టి సమాధానాల్లో కొన్ని స్వీడన్ నుంచి వచ్చాయి. అలెగ్జాండర్ రోజెంటాల్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగంలో తీవ్రంగా వాయిదా వేసే 150 మంది పాల్గొన్నారు. వారిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు పది వారాల ఆన్‌లైన్ పాఠాలతో పాటు వారి అభ్యాసాలను చదివి స్పందించే మార్గదర్శి ఉన్నారు. రెండో గుంపుకు అవే పాఠాలు ఇచ్చారు, మార్గదర్శిని ఇవ్వలేదు. మూడో గుంపు తమ వంతు కోసం వేచి ఉంది. ఈ పాఠాలకు ఆధారం ఆలోచనలు, ప్రవర్తన రెండింటినీ కలిపి మార్చే చికిత్సా పద్ధతి. వేచి ఉన్నవారితో పోలిస్తే పాఠాలు అందుకున్న రెండు గుంపులూ చెప్పుకోదగ్గంతగా మెరుగుపడ్డాయి. వాడిన కొలబద్దను బట్టి, మార్గదర్శి ఉన్నవారిలో 31 నుంచి 40 శాతం మందిలో, లేనివారిలో 24 నుంచి 36 శాతం మందిలో చికిత్సపరంగా గుర్తించదగ్గ మార్పు కనిపించింది. రెండు పద్ధతుల మధ్య గణాంకపరంగా తేడా తేలలేదు.

ఈ అంకెలను తొందరపడి ఆశగానో నిరాశగానో చదవకూడదు. దాదాపు ముగ్గురిలో ఒకరికి పెద్ద మార్పు రావడం, అదీ ఇల్లు కదలకుండా రావడం, నిజంగా విలువైన ఫలితం. అదే సమయంలో ముగ్గురిలో ఇద్దరికి అంత మార్పు రాలేదన్నదీ నిజమే. కోర్సు అమ్మేవారి ప్రకటనల్లో మొదటి వాక్యం కనిపిస్తుంది, రెండోది కనిపించదు. పైగా అదే బృందం 2018లో 92 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులతో చేసిన మరో ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. ఎనిమిది వారాలపాటు కొందరు సొంతంగా ఆన్‌లైన్‌లో, మరికొందరు గుంపుగా కూర్చుని అదే శిక్షణ పొందారు. ముగిసేనాటికి ఇద్దరి మెరుగుదలా సమానంగానే ఉంది. కొన్ని నెలల తరువాత చూస్తే గుంపుగా నేర్చుకున్నవారు ఆ మెరుగుదలను నిలబెట్టుకున్నారు లేదా పెంచుకున్నారు, ఒంటరిగా నేర్చుకున్నవారిలో కొంత వెనకడుగు కనిపించింది. పాఠం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? గుంపులో కూర్చున్నవాడు తన వాయిదాను పైకి చెప్పాడు, ఎదుటివాడి వాయిదాను విన్నాడు, వచ్చే వారం మళ్లీ వాళ్ల ముఖం చూడాలన్న ఎరుకతో ఇంటికి వెళ్లాడు. దీన్ని ప్రయోగం నేరుగా కొలవలేదు కాబట్టి ఊహగానే తీసుకోవాలి. అయినా బలమైన ఊహే.

ఇక ఆత్మపరిశీలన అన్న మాటకే వద్దాం. తన గురించి తాను ఆలోచించుకోవడం అన్ని వేళలా మేలు చేయదు. పాల్ ట్రాప్నెల్, జెన్నిఫర్ కాంప్‌బెల్ 1999లో ఇందులో రెండు వేర్వేరు ధోరణులున్నాయని తేల్చారు. ఒకటి ఆసక్తితో, నేర్చుకోవాలన్న కుతూహలంతో చేసే పరిశీలన. రెండోది భయంతో, అవమానంతో జరిగినదాన్నే మళ్లీ మళ్లీ నెమరువేయడం. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా ఉంటాయి, నోటుపుస్తకంలో రాసినా రెండూ డైరీలాగే కనిపిస్తాయి. మొదటిది వెలుగు వేస్తుంది, రెండోది పుండును కెలుకుతుంది. ‘నేనెందుకిలా ఉన్నాను?’ అన్న ప్రశ్న దగ్గర మొదలైన రాత చాలాసార్లు రెండో దారిలోకే జారిపోతుంది. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానాలు స్వభావం గురించి ఉంటాయి: క్రమశిక్షణ లేదు, పట్టుదల లేదు, చిన్నప్పటి నుంచీ ఇంతే. వీటిలో ఏదీ రేపు ఉదయం చేయగలిగిన పనిగా మారదు.

ఈ విషయంలో షాన్ మెక్‌క్రీ, నీరా లిబర్మన్, యాకోవ్ ట్రోప్, స్టీవెన్ షెర్మన్ 2008లో ప్రచురించిన ప్రయోగాలు ఆసక్తికరంగా ఉంటాయి. ఒకే పనిని కొందరు దాని అర్థం, ప్రయోజనం అన్న స్థాయిలో ఆలోచించేలా, మరికొందరు ఎలా చేయాలి, ఏ వివరాలున్నాయి అన్న స్థాయిలో ఆలోచించేలా చేశారు. వివరాల స్థాయిలో ఆలోచించినవారే పనిని త్వరగా పూర్తిచేశారు. కాబట్టి ‘నా జీవిత లక్ష్యం ఏమిటి?’ అన్న ప్రశ్నతో మొదలయ్యే కోర్సు వినసొంపుగా ఉన్నా, వాయిదా విషయంలో మనిషిని తప్పు దిక్కుకు నడిపిస్తుందేమోనని అనుమానించాలి. అడగవలసిన ప్రశ్నలు చాలా చిన్నవి. ఏ పని? ఏ క్షణాన చేయి ఆగింది? అప్పుడు లోపల ఏమనిపించింది? దానికి బదులు ఏం చేశారు? మళ్లీ మొదలుపెట్టాలంటే చేతితో చేయవలసిన మొదటి కదలిక ఏమిటి?

ప్రాజెక్టు రిపోర్టు రాయవలసిన ఎంబీఏ విద్యార్థి ఒకరు ఈ ప్రశ్నలకు నిజాయతీగా జవాబులు రాశారనుకుందాం. ‘రాత్రి 8.40కి లాప్‌టాప్ తెరిచాను. ఫైల్ కూడా తెరిచాను. సర్వేలో నలభై ఫారాలకు గాను పదిహేడే తిరిగి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. కడుపులో ఏదో తిప్పినట్టయింది. గైడ్ అడిగితే ఏం చెప్పాలి అనుకున్నాను. ఫోన్ తీశాను. 10.15 అయింది.’ ఈ ఆరేడు వాక్యాల్లో స్వభావం గురించి ఒక్క మాట లేదు. అయినా మూలం దొరికింది. అతడు రాయడాన్ని వాయిదా వేయడం లేదు, ఫారాలు తక్కువ పడ్డాయన్న సంగతిని ఎదుర్కోవడాన్ని వాయిదా వేస్తున్నాడు. ఈ ముడి తెలియనంతకాలం రోజుకు రెండు గంటలు రాయాలన్న టైమ్‌టేబుల్ ఎన్ని వేసుకున్నా నిలబడదు, ఎందుకంటే అది లేని జబ్బుకు వేసిన మందు. తెలిసిన తరువాత చేయవలసిన పని పది నిమిషాలదే: గైడ్‌కు ఫోన్ చేసి, పదిహేడు ఫారాలతో విశ్లేషణ చేయవచ్చా, ఇంకొన్ని సేకరించాలా అని అడగడం. ఆత్మపరిశీలన ఫలించిందనడానికి ఇదే గుర్తు. చివర్లో మనసుకు కొత్త వివరణ దొరికితే చాలదు, చేతికి కొత్త పని దొరకాలి.

ఇలాంటి రాతకు అడ్డుపడేది తనను తాను తిట్టుకునే అలవాటు. తెలుగు ఇళ్లలో చదువు విషయంలో తిట్టు ఒక ప్రేమరూపంగా చెలామణి అవుతుంది. ‘పక్కింటి అబ్బాయిని చూడు’ అన్న మాట వింటూ పెరిగిన పిల్లలు ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆ గొంతును తమ లోపలే స్థిరపరచుకుంటారు. తిట్టుకుంటే బుద్ధి వస్తుందని, క్షమించుకుంటే ఇంకా చెడిపోతామని గట్టిగా నమ్ముతారు. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ వోల్, టిమోతీ పిచిల్, షానన్ బెనెట్ 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థులపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవారు తరువాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. కారణం పైన చెప్పిన భావోద్వేగాల లెక్కలోనే ఉంది. తిట్టుకున్నకొద్దీ ఆ సబ్జెక్టు తలచుకోగానే కలిగే ఇబ్బంది పెరుగుతుంది, ఇబ్బంది పెరిగినకొద్దీ దాన్నుంచి పారిపోవాలనిపిస్తుంది. క్షమించుకోవడం అంటే తప్పు జరగలేదనుకోవడం కాదు, జరిగిన తప్పును ఒప్పుకుని దాని శిక్షాకాలాన్ని ముగించడం. ఆన్‌లైన్ కోర్సుకు ఇక్కడ ఒక సహజమైన సౌలభ్యం ఉంది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి పరువు భయం లేకుండా మనిషి నిజం రాయగలడు. తరగతి గదిలో చేయి ఎత్తి ‘నాలుగు నెలలుగా ఒక్క పేజీ రాయలేదు’ అని చెప్పలేనివారు, తమ ఖాతాలో అర్ధరాత్రి ఆ మాట రాయగలుగుతారు.

రాసిన నిజాన్ని చర్యగా మార్చడానికి పీటర్ గోల్‌విట్జర్ పరిశోధించిన పద్ధతి ఇప్పటికీ అన్నింటికంటే సులువైనది. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను అని ముందే నిర్ణయించుకోవడం దాని సారం. గోల్‌విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఇలాంటి నిర్ణయాలకు మధ్యస్థం నుంచి పెద్ద స్థాయి ప్రభావం ఉన్నట్టు తేలింది. ‘రేపటి నుంచి చదువుతాను’ అన్నది కోరిక. ‘రాత్రి భోంచేసి కంచం కడిగి పెట్టగానే, ఫోన్ హాల్లో వదిలేసి, గదిలోకి వెళ్లి పాలిటీ పుస్తకంలో ప్రాథమిక హక్కుల అధ్యాయం తెరుస్తాను’ అన్నది నిర్ణయం. రెండోదానిలో గడియారం లేదని గమనించాలి. గడియారం ముల్లు మన కోసం ఆగదు, తొమ్మిది దాటితే తొమ్మిదిన్నరకు చూద్దాం అనిపిస్తుంది. కంచం కడగడం మాత్రం ప్రతి రాత్రీ జరిగి తీరుతుంది, కాబట్టి దాని వెనకే పనిని కడితే మరచిపోవడం కష్టం. మంచిరోజు చూసి, ఒకటో తారీఖు చూసి, ఉగాది చూసి మొదలుపెట్టే అలవాటు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది పనిని రోజూ జరిగేదానికి కాక అరుదుగా వచ్చేదానికి ముడివేస్తుంది.

ఇంతవరకు చెప్పినది కోర్సు చేయగల మేలు. కోర్సే కొత్త వాయిదాగా మారే ప్రమాదం అంతకంటే లోతుగా చర్చించవలసిన విషయం. రిపోర్టు రాయవలసిన మనిషి రిపోర్టు ఎలా రాయాలన్న వీడియో చూస్తాడు. వాయిదా మానవలసిన మనిషి వాయిదా ఎలా మానాలన్న కోర్సులో చేరతాడు. చేరిన క్షణాన గొప్ప ఊరట కలుగుతుంది, సమస్యకు ఏదో చేశామన్న తృప్తి వస్తుంది. ఆ ఊరటే ప్రమాదం, ఎందుకంటే వాయిదా ఇచ్చేది కూడా సరిగ్గా ఆ ఊరటనే. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచిన కోర్సుల సమాచారాన్ని విశ్లేషించి జస్టిన్ రీచ్, హోసే రూయిపెరెజ్-వాలియెంటే 2019లో ప్రచురించిన లెక్కల ప్రకారం, 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతమే. రుసుము కట్టి ధ్రువపత్రం కోసం చేరినవారిలో మాత్రం 46 శాతం పూర్తిచేశారు. డబ్బు కట్టడం వల్లే పూర్తిచేశారని దీని అర్థం కాదు, పూర్తిచేయాలని గట్టిగా అనుకున్నవారే డబ్బు కట్టి ఉండవచ్చు. అయినా ఏ గడువూ ఏ పందెమూ లేని స్వేచ్ఛ వాయిదా అలవాటున్నవారికి ఏమాత్రం నప్పదని చెప్పడానికి ఈ లెక్క చాలు. వాయిదా వేసేవారి కోసం తయారుచేసిన కోర్సును ‘మీకు వీలైనప్పుడు, మీ వేగంతో’ పూర్తిచేయమని చెప్పడం, ఈత రానివారికి చెరువు లోతైన చోట పాఠం చెప్పడం లాంటిది.

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే, తెలుగు విద్యార్థులకు బాగా పరిచయమైన ఎన్‌పీటీఈఎల్ కోర్సుల అమరికను ఇక్కడ గమనించవచ్చు. 2017 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక ‘స్వయం’ మీద ఇవి ఉచితంగా దొరుకుతాయి. అయినా వారం వారం అసైన్‌మెంట్, దానికొక గడువు, చివర్లో కేంద్రానికి వెళ్లి రాయవలసిన పరీక్ష ఉంటాయి. తుది మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వాటా ఉంటుంది. వాయిదా గురించి ఒక్క మాట చెప్పని ఈ కోర్సులు, వాయిదాను తగ్గించే పనిలో కొన్ని ఆత్మపరిశీలన కోర్సుల కంటే మెరుగైన నిర్మాణంతో ఉన్నాయి. దూరాన ఉన్న ఒక పెద్ద గడువును అవి ఎనిమిదో పన్నెండో దగ్గరి గడువులుగా విరగ్గొడతాయి. స్టీల్ సూత్రం భాషలో చెప్పాలంటే ఫలితాన్ని దగ్గరికి లాగుతాయి. ఆత్మపరిశీలన కోర్సు రూపొందించేవారు తమ పాఠాల కంటే ముందు ఈ నిర్మాణాన్ని అరువు తెచ్చుకోవాలి. వాయిదాపడిన ఏదో ఒక నిజమైన పని చేతిలో లేకుండా ఎవరినీ చేర్చుకోకూడదు. ప్రతి వారం అభ్యాసం ఆ పనిలో ఒక ముక్క పూర్తిచేయడమే కావాలి, రాసినదాన్ని ఒక మనిషి చదవాలి. పాఠాల సంఖ్య తగ్గినా పరవాలేదు.

ఎన్ని రోజుల్లో అలవాటు మారుతుందన్న వాగ్దానం మరో చిక్కు. 21 రోజులన్న అంకె ప్రకటనల్లో విరివిగా కనిపిస్తుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త అలవాటు అప్రయత్నంగా జరిగే స్థాయికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు మారింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కలగలేదు. 21 రోజుల కోర్సు నమ్మి చేరిన మనిషి ఇరవై రెండో రోజున తనలో మార్పు కనిపించకపోతే ఆ పద్ధతిని అనుమానించడు, తననే అనుమానించుకుంటాడు. నిజం ముందే చెబితే ఆ బాధ తప్పుతుంది.

అన్ని వాయిదాలకూ కోర్సు జవాబు కాదు. ఉద్యోగం, వంట, పిల్లల చదువు, అత్తమామల మందులు అన్నీ మోస్తూ డిపార్ట్‌మెంటల్ పరీక్షకు చదవలేకపోతున్న ఉద్యోగిని వాయిదా వేయడం లేదు, ఆమెకు సమయం లేదు. ఆమెను ఆత్మపరిశీలన చేసుకోమనడం ఇంట్లో మిగిలినవారి బాధ్యతను ఆమె మనసు మీదకు నెట్టడమే. అలాగే నెలల తరబడి ఏ పనిమీదా ఆసక్తి కలగకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం కుంగుబాటు లక్షణాలు కావచ్చు. చిన్నతనం నుంచీ ఏ పనిమీదా ధ్యాస నిలవకపోవడం అవధాన లోపానికి (ఏడీహెచ్‌డీ) సంబంధించినది కావచ్చు. వీటికి వైద్యుల సలహా అవసరం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ అందుబాటులో ఉంది. మంచి కోర్సు తన మొదటి పాఠంలోనే ఈ తేడాలు చెప్పి, తన దగ్గరికి రాకూడనివారిని సరైన చోటికి పంపుతుంది.

చివరిగా భాష సంగతి. అందుబాటులో ఉన్న ఇలాంటి కోర్సుల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. పాఠం ఇంగ్లీషులో వినడం చాలామంది తెలుగువారికి కష్టం కాదు. తన లోపలి స్థితిని ఇంగ్లీషులో రాయమంటే మాత్రం నష్టం జరుగుతుంది. ‘స్ట్రెస్’, ‘టెన్షన్’ అన్న రెండు మాటల్లోకి అన్నీ కుదించుకుపోతాయి, ఏ ఇబ్బంది నుంచి పారిపోతున్నారో తెలియకుండా పోతుంది. తెలుగులో రాసుకుంటే విసుగు వేరు, చిరాకు వేరు, గుబులు వేరు, బెరుకు వేరు, మొహమాటం వేరు. ఈ ఒక్కొక్కదానికి మందు వేరు. విసుగైతే పనిని చిన్న ముక్కలు చేసుకోవాలి. బెరుకైతే ఎవరూ చూడని చిత్తుప్రతితో మొదలుపెట్టాలి. మొహమాటమైతే సమస్య పుస్తకంలో గానీ టైమ్‌టేబుల్‌లో గానీ లేదు, అడగవలసిన మనిషిని అడగకపోవడంలో ఉంది. ఇందాకటి ఎంబీఏ విద్యార్థి తన ఖాతాలో ‘టెన్షన్‌గా ఉంది’ అని రాసి ఉంటే ధ్యానం వీడియో ఒకటి చూసి పడుకునేవాడు. ‘గైడ్ అడిగితే ఏం చెప్పాలి’ అన్న తన మొహమాటాన్ని తెలుగులో రాసుకున్నాడు కాబట్టి, మరునాడు కాలేజీ గంట కొట్టగానే స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర నిలబడతాడు.